పదకొండు సున్నాలు

ఆ ఇంట్లో నడవా గోడకు పద్నాలుగు ఫొటోలు ఉండేవి. అన్నింటిలోనూ ఒకే మనిషి. వాటి అద్దాలు తుడవడం నా పని. నేను చేరిన మొదటి వారంలో, నాలుగో ఫొటో తుడుస్తుంటే వెనక నుంచి ఒక గొంతు ఇంగ్లీషులో, "అలా కాదు, పై నుంచి కిందికి" అంది. తిరిగి చూస్తే ఆ ఫొటోల్లోని మనిషే, ఫొటోలకన్నా యాభై ఏళ్ళు ముదిరిన ముఖంతో, చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. అద్దాలు తుడవడం నాకు ఒకరు నేర్పాలా? అప్పటికే గల్ఫ్‌లో తొమ్మిదేళ్ళుగా తుడుస్తున్నాను. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆవిడతో గడిపిన మూడేళ్ళలో అలాంటివి ఎన్ని విన్నానో అన్నీ నాకు గుర్తే. అయినా ఇప్పుడు నేను రాసే ఫిర్యాదు ఆవిడ మీద కాదు.

మాది కోనసీమ. నన్ను బహ్రెయిన్‌లో ఆ ఇంటికి పంపిన ఏజెంటు, "ఇద్దరే మనుషులు, పిల్లల్లేరు, పని తేలిక" అన్నాడు. ఇంట్లో ఎనభై మూడేళ్ళ మనిషి ఒకరున్నారని, ఆవిడను చూసుకోవడమే అసలు పని అని చెప్పలేదు. ఫోన్ చేసి, "ఇద్దరే అన్నారు కదండీ, ముసలావిడ మనిషి కిందకి రాదా?" అని అడిగాను. "ఆవిడ పెద్దగా తినరులేమ్మా" అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు ఆవిడ కొడుకు, హిద్‌లో ఓడల మరమ్మతు యార్డులో ఇంజనీరు. ఆయన్ని సార్ అనేదాన్ని. ఆయన భార్యను చిన్న మేడం అని, తల్లిని పెద్ద మేడం అని పిలిచేదాన్ని. పెద్ద మేడం మాత్రం నన్ను రెండు నెలలపాటు నాకు ముందు పనిచేసిన శ్రీలంక అమ్మాయి పేరుతో పిలిచింది. సరిదిద్దిన ప్రతిసారీ "ఆఁ, అవును, డార్లింగ్" అని మళ్ళీ అదే పేరు. చివరికి రెండు పేర్లూ వదిలేసి డార్లింగ్ ఒక్కటే ఉంచింది.

ఆవిడ ఇంగ్లండులో నాటకాలూ సినిమాలూ వేసిన నటి. ఆ జీవితమంతా నాకు దుమ్ము తుడిచే గుడ్డతోనే తెలిసింది. ఏ ఫొటో దగ్గర ఆగితే ఆ ఫొటో కథ చెప్పేది.

మొదటిదానిలో ఆవిడకు పదహారేళ్ళు. సముద్రం ఒడ్డు ఊళ్ళు తిరిగే నాటక కంపెనీలో చేరిన ఏడాది. ఆ ఏడాదంతా వేషం ఇవ్వకుండా మిగతా వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేయించారట. రెండో ఫొటోలో నల్ల గౌను, తెల్ల ఏప్రాను, చేతిలో ట్రే. మొదటి వేషం పనిమనిషి వేషం. తెర లేవగానే టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "డాక్టరు గారు వచ్చారండీ" అని వెళ్ళిపోవాలి. తొంభై ఆటలు ఆ ఒక్క మాటే. ఈ సంగతి చెప్పిన రోజే నా చేతిలో ట్రే లాక్కుని, ట్రే ఎలా పట్టుకోవాలో నేర్పింది. పనిమనిషి ట్రే వైపు చూడకూడదట, కూర్చున్న వాళ్ళ వైపు చూడకూడదట, తాను బయటికి వెళ్ళాల్సిన తలుపు వైపు చూడాలట. నిజం పనిమనిషికి వేషం పనిమనిషి పాఠం చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మధ్యాహ్నం నుంచి నా చేతిలో టీ ఒలకలేదు. ఉన్న మాట కాబట్టి అది కూడా రాస్తున్నాను.

ఐదో ఫొటో నుంచి పెద్ద వేషాలు. లండనులో రెండేళ్ళు ఆడిన ఒక నాటకంలో ఆవిడే నాయిక. అదే నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు ఆ వేషం ఇంకొకరికి ఇచ్చారు. "నీ దవడ కెమెరాకి వెడల్పు" అన్నాడట నిర్మాత. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆవిడ మాత్రం ఆ మాట నిన్న సాయంత్రం విన్నట్టు చెప్పేది. చెప్పేటప్పుడు దవడ ఎముక మీద వేలితో గీత గీసుకునేది. ఆవిడ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే. ఒక మాటను అన్నేళ్ళు చల్లారకుండా కాపాడుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

సినిమాలు నాలుగు వేసింది. ఒకదాంట్లో రైలు కిటికీలో కనిపించే విధవరాలు. ఒకదాంట్లో ముఖం ఆవిడది, గొంతు వేరే మనిషిది. ఒకదాంట్లో మూడు వారాలు చలిలో నటిస్తే ఆఖరికి ఆ భాగమంతా కోసేశారు. నాలుగోది బాగా ఆడింది, దాని గురించి అడిగితే మాత్రం ఆవిడకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. యాభై దాటాక టీవీలో తల్లులు, అత్తలు, శవాన్ని మొదట చూసి కేక వేసే పక్కింటివాళ్ళు. "నాలాగా కేక వేసేది దేశం మొత్తంలో లేదు" అనేది. పద్నాలుగో ఫొటోలో జడ్జి. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో ఎవరైనా ఇంగ్లీషు పెద్దాయన ఆవిడను ఆపి "మిమ్మల్ని ఎక్కడో చూశాను" అంటే, చూసింది ఆ జడ్జినే. తర్వాత ఫోన్లు రావడం ఆగిపోయిందట. భర్త పోయాడు. ఆవిడ మెట్ల మీద పడింది. కొడుకు తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకున్నాడు.

నేను చేరిన ఆరో నెలలో ఒకరోజు ఆవిడ హాల్లో కిటికీ దగ్గర నిలబడి తనలో తాను ఏదో మాట్లాడుకుంటోంది. ఉన్నట్టుండి ఆగి, నా వైపు చేయి చాపి, "లైన్!" అంది. చిన్న మేడం బట్టల దండేన్ని లైన్ అనేది. దుమ్ముగాలి లేస్తే "లైన్, లైన్" అని అరిచేది, నేను డాబా మీదికి పరిగెత్తి బట్టలు తీసేదాన్ని. ఇప్పుడూ పరిగెత్తాను. తడి దుప్పట్లు చంకన పెట్టుకుని దిగేసరికి ఆవిడ అదే చోట, అదే చేయి చాపి నిలబడి ఉంది. దుప్పట్లను చూసింది. నన్ను చూసింది. సోఫాలో కూలబడి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. అంతటితో పోనిస్తే బాగుండేది. భోజనాల దగ్గర సార్‌కీ చిన్న మేడంకీ చెప్పి మళ్ళీ నవ్వింది. అది డ్రైవరు చెవిన కూడా పడింది.

ఆ డ్రైవరు జగిత్యాల వైపు మనిషి, నాకన్నా చిన్నవాడు. జిదాఫ్స్‌లో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. నన్ను కంప్లైంటక్కా అని పిలిచేవాడు.

"కంప్లైంటక్కా, లైన్!"

"నోరు ముయ్యి తమ్ముడూ."

"ఏందక్కా, నేనేమన్న? గాలొస్తున్నది, బట్టలు తీయమంటున్న."

ఆరునెలలు అలా సాగింది.

నటులు మాట మరిచిపోతే లైన్ అని అడుగుతారని, పక్క నుంచి ఒకరు తర్వాతి మాట ఇవ్వాలని ఆవిడ నాకు నవ్వు ఆగాక చెప్పింది. మా వైపు నాటకాల్లో తెర పక్కన నిలబడి పద్యం అందించే మనిషి ఉంటాడు. ఆ పనే. "అది ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. మర్నాటి నుంచి అందించడం నా పనుల్లో కలిసింది. దాని గురించి కూడా ఏజెంటు చెప్పలేదు.

ఆవిడ చదువుకునేది ఒకే ఒక్క మనిషి నడిపే చిన్న నాటకం. యాభై ఐదేళ్ళ వయసులో దాన్ని పట్టుకుని ఊరూరా తిరిగిందట. సముద్రం ఒడ్డున అద్దెగదులు నడిపిన ముసలావిడ ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయే రోజున, ఆఖరి అద్దెదారుతో మాట్లాడుతూ ఉంటుంది. ఆ మనిషి ముందురోజే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. కుర్చీ మాత్రం ఉంది. మొత్తం ఇరవై రెండు నిమిషాలు.

నేను తెలుగులో పదో తరగతి చదివాను. అచ్చు పుస్తకం చేతికిస్తే ఇంగ్లీషు కూడబలుక్కుంటాను గానీ, ఆవిడ నోటికీ ఆ అక్షరాలకూ పొత్తు లేదు. పుస్తకంలో వాటర్ అని ఉన్నది ఆవిడ నోట్లో వోటా. అందుకని రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకుని ఆవిడ పలికింది పలికినట్టు తెలుగులో రాసుకున్నాను. పుస్తకంలో ఉన్నది కొన్నిచోట్ల ఆవిడ అనేదే కాదు. ఒకచోట "ఆ కుర్చీలోనే మా ఆయన పోయాడు" అని అచ్చులో ఉంటే, ఆవిడ "ఆ కుర్చీ కిటికీ వైపు తిప్పొద్దు" అనేది. ఆ భర్త సంగతి ముప్ఫై ఏళ్ళ కిందటే దర్శకుడు కొట్టేశాడట. భర్త పోయాడని చెబితే జనం జాలిపడతారు, చెప్పకపోతే ఆ కుర్చీ వంక చూస్తారు అన్నాడట. నా నోటుబుక్కులో భర్త లేడు.

మాట లేని చోట్లను కూడా నేను రాశాను. ఆవిడ ఒక ఊపిరి ఆగితే ఒక సున్న. రెండు ఆగితే రెండు. కిటికీ దగ్గర బస్సు కోసం చూసే చోట పదకొండు సున్నాలు. మొదట్లో అక్కడ మరిచిపోయిందనుకుని అందించాను. "నేను ఏమీ అననప్పుడే ఎక్కువ పనిచేస్తున్నాను, నోరు తెరవకు" అని కసిరింది. ఆ తర్వాత తేడా పట్టుకున్నాను. కావాలని ఊరుకున్నప్పుడు ఆవిడ చేతులు కదలవు. నిజంగా మరిచిపోతే కుడి బొటనవేలు చూపుడువేలిని రుద్దుతుంది. ఇది సార్‌కి తెలియదు. లండనులో ఆవిడతో వేషాలు వేసిన వాళ్ళకు తెలుసో లేదో. నాకు తెలుసు.

మూడో ఏడాది చలికాలంలో ఆవిడ ఒక ఉదయం రాత్రిగౌనుతో గేటు తీసుకుని రోడ్డు మీదికి పోయింది. పక్కింటి ఈజిప్టు ఆయన చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ సమయంలో నేను బాత్‌రూములు కడుగుతున్నాను. "నువ్వు ఏం చేస్తున్నావు?" అని చిన్న మేడం నన్ను అడిగింది. ఒక మనిషికి ఎన్ని కళ్ళుంటాయని నేను అడగలేదు, మనసులో పెట్టుకున్నాను. నెల తిరగకుండా పెద్ద మేడం పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, నేను కూర వడ్డిస్తుండగా, సార్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఇంగ్లండులో మంచి హోము ఉంది, నర్సులు ఉంటారు, తోట ఉంది, అన్నాడు.

పెద్ద మేడం ఫోర్కు కింద పెట్టింది. "నాకు మే నెలలో ప్రోగ్రాము ఉంది" అంది.

నిజమే, ఉంది. ఇక్కడ కొందరు ఇంగ్లీషు వాళ్ళు సరదాకి నాటకాలు వేస్తుంటారు. మీనా సల్మాన్ రేవు వైపు పాత గోడౌను ఒకటి అద్దెకు తీసుకుని కుర్చీలు వేయించారు. ఆవిడ ఇక్కడ ఉందని తెలిసి, ఒక శుక్రవారం సాయంత్రం ఆ చిన్న నాటకం చేయమని అడిగారు.

"అది మొత్తం చేస్తే?" అంది పెద్ద మేడం. "మొదటి నుంచి చివరి వరకు చేస్తే నేను ఇక్కడే ఉంటానా?"

సార్ భార్య వైపు చూశాడు. ఆవిడ పళ్ళెం వైపు చూసింది. "చేస్తే ఉండు, అమ్మా" అన్నాడు సార్.

ఆ మాట అన్నాడు. కూర గిన్నె పట్టుకుని నేను అక్కడే ఉన్నాను.

ఆవిడకు ఇంగ్లండు వద్దు. అక్కడ తనకు తెలిసిన వాళ్ళందరూ చనిపోయారని, తెలియని వాళ్ళ మధ్య ఒక హాల్లో టీవీ ముందు కూర్చోబెడతారని, ఆ టీవీలో ఏదో ఒకరోజు తానే కేక వేస్తూ కనిపిస్తుందని అనేది. నవ్వుతూనే అనేది. ఆ నెలల్లో రోజూ ఉదయం పదింటికి హాల్లో కుర్చీ వేసేదాన్ని. ఆవిడ కిటికీ దగ్గర, నేను గుమ్మం తెర పక్కన. వంట ఆలస్యమైనందుకు చిన్న మేడం అన్న మాటలు వేరే రాస్తే ఇంకో నోటుబుక్కు అవుతుంది.

ఆ శుక్రవారం నాలుగింటికే వెళ్ళాం. గోడౌను తలుపు దగ్గర ఒక ఇంగ్లీషావిడ, పరీక్షలకు పిల్లలు తీసుకెళ్ళే అట్ట లాంటిది పట్టుకుని అందరికీ పనులు చెబుతోంది. ఆవిడను అట్ట మేడం అంటాను. పెద్ద మేడంని కౌగిలించుకుని, "మీరు వచ్చారు, మాకు ఇంకేం కావాలి" అంటూ మేకప్ గదిలోకి తీసుకెళ్ళింది. నేను వెనకే నోటుబుక్కు పట్టుకుని వెళ్ళబోతే చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు?"

"ఐ గివ్ లైన్, మేడం."

"ఓ! అక్కర్లేదు, నేనే ప్రాంప్టరుని. నా దగ్గర పుస్తకం ఉంది."

"బుక్ రాంగ్, మేడం. హర్ లైన్ డిఫరెంట్. అండ్ పాజ్, విండో దగ్గర, లెవెన్ పాజ్."

అట్ట మేడం నోటుబుక్కు నా చేతిలోంచి తీసుకుని తెరిచింది. పదకొండు సున్నాల పేజీయే వచ్చింది. పక్కనున్న ఆయనకు చూపించింది. "ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు, బుడగలు ఊదినట్టు!" అంది. ఆయన నవ్వాడు. నోటుబుక్కు మూసి, నా భుజం తట్టి, తిరిగి ఇచ్చేసింది. నన్ను కొట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు.

చిన్న మేడంని బతిమాలాను. "లోపల చోటు లేదంటున్నారు. కారులో కూర్చో, ఏసీ వేయమను" అంది. సార్ అప్పటికే ముందు వరుసలో కూర్చున్నాడు. మేకప్ గది తలుపు మూసేశారు. నేను బయట ఉన్నానని పెద్ద మేడంకి ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే తెర పక్కన ఉన్నాననే ఆవిడ అనుకుంది. లైట్ల వెలుగులో ఆవిడకు పక్కన ఎవరున్నారో కనిపించదు.

కారులో కూర్చోలేదు. గోడౌను చుట్టూ తిరిగితే వెనక వైపు ఒక ఇనప తలుపు ఉంది, బయట పిడి లేదు. లోపల నుంచి నెడితేనే తెరుచుకునే రకం. కింద రెండు వేళ్ళ సందు. ఆ సందులోంచి చల్లగాలి, గాలితో పాటు ఆవిడ గొంతు వచ్చాయి. నేల మీద కూర్చున్నాను. సిమెంటు కాలుతోంది. డ్రైవరు వెతుక్కుంటూ వచ్చాడు.

"గిదేందక్కా, బిచ్చపుదానిలెక్క కూసున్నవ్?"

"ష్. మొదలైంది."

"నీకేం సమజైతది లోపల?"

"నాకు కాక ఎవరికి అర్థమవుతుంది? ఊరుకో."

మొదటి ఆరు నిమిషాలు అద్భుతంగా ఉంది. ఇంట్లో నేను విన్నది చదువు, ఇది వేరు. ఎనభై ఆరేళ్ళ మనిషి గొంతు అరవకుండానే ఆ ఇనప తలుపు దాటి వచ్చింది. జనం రెండుసార్లు నవ్వారు, నవ్వాల్సిన చోటే. డ్రైవరు కూడా నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ముసలామె గట్టిదే" అన్నాడు.

కిటికీ వచ్చింది. మాట ఆగింది. నేను ఊపిర్లు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. లోపల నిశ్శబ్దం. జనం కదలడం లేదు, వాళ్ళు కూడా బస్సు కోసం చూస్తున్నారు. ఐదో ఊపిరి దగ్గర అట్ట మేడం గొంతు గట్టిగా వినిపించింది. తర్వాతి మాట అందించింది.

"అయ్యో, ఆగు! ఆవిడ మరిచిపోలేదు!" అని తలుపుకు చెప్పాను.

పెద్ద మేడం ఆ మాట తీసుకోలేదు. వెనక్కి వెళ్ళి, బస్సు చోటికి ముందున్న మాట మళ్ళీ అంది. ఆవిడ తప్పు దిద్దుతోంది, తనది కాని తప్పును. మళ్ళీ కిటికీ. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి మూడో ఊపిరికే అట్ట మేడం అందించింది. పెద్ద మేడం వదిలేసి ముందుకు పోయింది, కానీ గొంతు మారింది. కుర్చీ దగ్గరకు వచ్చింది. అక్కడ ఆగింది. అది నిజంగా ఆగడం. చేతులు నాకు కనిపించలేదు, అయినా తెలిసింది.

"లైన్" అంది.

"ఆ కుర్చీలోనే మా ఆయన పోయాడు" అంది అట్ట మేడం పుస్తకం చూసి.

"కాదు" అంది పెద్ద మేడం.

జనం నవ్వారు. నాటకంలో భాగం అనుకున్నారు.

"ఆ కుర్చీలోనే మా ఆయన పోయాడు" అని అట్ట మేడం ఇంకా గట్టిగా అంది.

"ఆయన పోలేదు. నువ్వెవరు? నా మనిషేది? డార్లింగ్?"

నేను లేచి రెండు చేతులతో తలుపు బాదాను. "ఆ కుర్చీ కిటికీ వైపు తిప్పొద్దు!" అని ఆవిడ ఇంగ్లీషులో, ఆవిడ పలికినట్టే, నా గొంతంతా పెట్టి అరిచాను. పక్క గోడౌనులో ఫోర్క్‌లిఫ్టు ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది. మళ్ళీ అరిచాను. లోపల ఎవరో, "పనివాళ్ళు, పట్టించుకోకండి" అన్నారు. అది స్పష్టంగా వినిపించింది.

డ్రైవరు నా చేయి పట్టుకున్నాడు. "అక్కా, నీకు పుణ్యముంటది, తలుపు కొట్టకు. పోలీసోళ్ళొస్తే మనిద్దర్నీ పట్టుకపోతరు."

"ఒక్క మాట, తమ్ముడూ. ఒక్క మాట వినపడితే చాలు ఆవిడకి."

"వినపడతలేదు కదనే!"

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఒకరు, తర్వాత అందరూ. నాటకం అయిపోయినప్పుడు కొట్టేవి కావు అవి. ఇంక చాలు, కూర్చోండి అని చెప్పే చప్పట్లు. మర్యాదగా, దయగా కొట్టారు. తొమ్మిది నిమిషాలే అయింది. చప్పట్లతో మనిషి నోరు మూయించవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

ఇంటికి కారులో బయలుదేరాం. పెద్ద మేడం నా పక్కన కూర్చుని, "నువ్వు ఎక్కడికి పోయావు?" అని ఒక్కసారి అడిగింది. నన్ను రానివ్వలేదని చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు సార్ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడి చెప్పాను. సాయంత్రం వచ్చాక చెప్పాను. చిన్న మేడం "ఇంక వదిలెయ్" అంది. వదల్లేదు. మూడో రోజు టీ ఇస్తూ, "సార్, ఆవిడ కిటికీ దగ్గర మరిచిపోలేదు. కుర్చీ దగ్గర తప్పు మాట ఇచ్చారు. ఇంట్లో ఒక్కసారి కూర్చుని చూడండి, నేను అందిస్తాను. అది అయ్యాక మీ ఇష్టం" అన్నాను. ఆయన కప్పు అందుకున్నాడు. "సరే, గురువారం" అన్నాడు.

గురువారం సాయంత్రం ఐదింటికి హాల్లో కుర్చీ వేశాను. సార్, చిన్న మేడం సోఫాలో కూర్చున్నారు. నేను తెర పక్కన నిలబడ్డాను. పెద్ద మేడం నీలం గౌను వేసుకుని, పెదవులకు రంగు వేసుకుని వచ్చింది. మొదలుపెట్టింది. కిటికీ దగ్గర పదకొండు ఊపిర్లు ఆగింది. ఎవరూ మధ్యలో నోరు తెరవలేదు. ఎనిమిదో ఊపిరి దగ్గర చిన్న మేడం మెడ తిప్పి కిటికీ బయటికి చూసింది, బస్సు వచ్చిందేమో అన్నట్టు. కుర్చీ దగ్గర లైన్ అడిగింది, ఇచ్చాను, గాలిలోంచి తీసుకున్నట్టు తీసుకుంది. మొత్తం ఇరవై రెండు నిమిషాలు, చివరి మాట వరకు. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పెద్ద మేడం వంగి నమస్కారం చేసి, అలసిపోయి గదిలోకి వెళ్ళిపోయింది.

"చూశారు కదా సార్" అన్నాను. ఇంత గర్వంగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

"చూశాను" అన్నాడు. "నువ్వు ఎన్నిసార్లు అందించావు?"

"నాలుగు, సార్."

"నిరుడు?"

మూడేళ్ళలో ఏ రోజు ఏం జరిగిందో అన్నీ గుర్తుపెట్టుకున్న మనిషిని కదా. నోటుబుక్కులో ప్రతి మాట పక్కన ఎన్నిసార్లు అడిగిందో చుక్కలు కూడా పెట్టుకున్నాను. "మొదటి ఏడాది మొత్తం మీద రెండే సార్. నిరుడు వారానికి ఒకటి. ఈ ఏడాది రంజాన్ ముందు వరకు ఒక్కోసారికి ఒకటి. తర్వాత రెండు" అన్నాను.

"ఇప్పుడు నాలుగు" అన్నాడు సార్.

అప్పటికి గాని నేను ఏం చెప్పానో నాకు తెలియలేదు. "మాట అందించడం తప్పు కాదు సార్, ప్రతి నాటకానికీ మనిషి ఉంటారు. అమ్మగారే చెప్పారు" అన్నాను. ఆయన తల ఊపాడు. "నీ తప్పేం లేదు. నువ్వు లేని చోట అమ్మ ఏం చేస్తుంది?" అన్నాడు. నేను ఉంటాను కదా అన్నాను. ఎన్నాళ్ళు అని ఆయన అడగలేదు. అడగకపోవడమే ఆయన మంచితనం. టికెట్ ముందే కొన్నామని చిన్న మేడం చెప్పింది. శుక్రవారం చప్పట్లు విన్న సాయంత్రమే కొన్నారట.

పది రోజుల్లో ఆవిడను తీసుకెళ్ళారు. నేను కూడా విమానాశ్రయానికి వస్తానన్నాను. చిన్న మేడం సరే అంది. తీరా పొద్దున కారులో సామాను సర్దితే డిక్కీలో ఒక పెట్టె పట్టలేదు. దాన్ని వెనక సీట్లో పెట్టారు, నేను కూర్చోవలసిన చోట. పెట్టెకు సీటు బెల్టు కూడా పెట్టారు. పెద్ద మేడం అవతలి వైపు కూర్చుని ఉంది. నేను కిటికీ అద్దం మీద తట్టాను. చేయి ఎత్తింది. ఎవరికి ఎత్తిందో చెప్పలేను. కారు వెళ్ళిపోయింది.

డ్రైవరు మధ్యాహ్నం తిరిగి వచ్చాక అడిగాను.

"ఏమైనా అందా?"

"ఆఁ, అన్నదక్కా. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని అన్నది."

"ఏమంది?"

"ఇంగ్లీషుల అన్నది. నాకేం తెలుస్తది?"

"అర్థం అక్కర్లేదు. చెవికి ఎలా వినపడిందో అలా చెప్పు. నేను చూసుకుంటాను."

తల గోక్కున్నాడు. "యాదికి లేదే. ఎనుక బండోడు హారన్ కొడుతుండె, జల్ది పొమ్మని యల్లా యల్లా అనుకుంట. పొడుగ్గనే అన్నది. ఒక్క మాట గాదు."

"ఒక్క ముక్క కూడా గుర్తులేదా?"

"లేదక్కా. నేను ఎస్ మేడం అన్న. ఆమె నవ్వింది. పోయింది. ఖలాస్."

ఇప్పుడు నేను వేరే ఇంట్లో పనిచేస్తున్నాను. ఆ ఇంటి మీద నా ఫిర్యాదులు వేరే. సెలవు రోజున జిదాఫ్స్ మార్కెట్‌కు కూరగాయలకు పోతే అప్పుడప్పుడు ఆ డ్రైవరు ఎదురవుతాడు. ప్రతిసారీ అడుగుతాను. "నీకు దండం పెడతనే అక్కా, గల్ఫుకొచ్చి పదేండ్లాయె, ఇంత సతాయించినోళ్ళు లేరు, నాకు యాదికి లేదు" అంటాడు. వాడి మీద కోపం పోలేదు, పోదు. చెయ్యి పట్టుకుని మరీ అన్నదంటే ఆవిడ ఏదో అడిగే ఉంటుంది. ఎస్ మేడం అన్నాడు. దేనికి ఒప్పుకున్నాడో వాడికే తెలియదు.